ఫిఫా డబ్బు, సభలు, హక్కుల ఫిర్యాదులు: కాగితాలు చదివే పద్ధతి

ప్రపంచ ఫుట్‌బాల్‌ను నడిపే ఫిఫా గురించి వార్తలు మూడు చోట్ల పడుతుంటాయి. ఆదాయం సంగతి వ్యాపార పేజీలో, మహాసభ సంగతి క్రీడల పేజీలో, స్టేడియం కూలీల సంగతి ఎక్కడో లోపలి పేజీలో. ఇలా విడివిడిగా చదివితే ఏదీ పూర్తిగా అర్థం కాదు. లెక్కలకు ఆమోదం తెలిపేది, అధ్యక్షుణ్ణి ఎన్నుకునేది, ప్రపంచకప్ ఎక్కడ జరగాలో తేల్చేది, ఆ ఆదాయంలో వాటా అందుకునేది, అన్నీ ఫిఫాలోని 211 సభ్య సంఘాలే, అంటే జాతీయ ఫుట్‌బాల్ సంఘాలే. హక్కుల ప్రశ్న ఆ సంఘాల ముందుకు డబ్బు నిర్ణయానికి ముందు వచ్చిందా, తర్వాత వచ్చిందా అన్నదాన్ని బట్టే దానికి బలం ఉంటుంది. విలేకరులు, ఆటగాళ్ల యూనియన్లు, హక్కుల సంఘాలవారు, ఆరా తీసే అలవాటున్న అభిమానులు ఈ కాగితాలను ఏ వరసలో చదవాలో, ఎక్కడ పొరపాటు పడే అవకాశం ఉందో ఇక్కడ చెబుతున్నాం.

మొదట నియమావళి, అందులోనూ తాజా ప్రతి

ఫిఫా 1904లో పారిస్‌లో పుట్టింది. కార్యాలయం జ్యూరిక్‌లో. చట్టం దృష్టిలో అది కంపెనీ కాదు, స్విస్ సివిల్ కోడ్ 60వ అధికరణం నుంచి మొదలయ్యే నిబంధనల కింద నమోదైన సంఘం. అందుకే దానికి వాటాదారులు లేరు, సభ్యులు ఉన్నారు. బోర్డు మీటింగు కంటే పెద్దది మహాసభ. దీన్నే కాంగ్రెస్ అంటారు. జనాభా ఎంతైనా, ర్యాంకు ఎంతైనా ప్రతి సభ్య సంఘానికీ ఒకే ఓటు.

నియమావళి తరచూ మారుతుంది కాబట్టి ఏ ఏడాది ప్రతి చదువుతున్నారో మొదటి పేజీలోనే చూసుకోండి. 2015 మే 27న జ్యూరిక్ హోటల్లో అవినీతి ఆరోపణల మీద జరిగిన ఫిఫా అధికారుల అరెస్టుల తర్వాత, 2016 ఫిబ్రవరి 26న జరిగిన ప్రత్యేక కాంగ్రెస్ పెద్ద సంస్కరణలు చేసింది. పాత కార్యనిర్వాహక కమిటీ పోయి 37 మంది కౌన్సిల్ వచ్చింది. అధ్యక్షుడు, కౌన్సిల్ సభ్యులు నాలుగేళ్ల చొప్పున మూడు సార్లకు మించి ఉండకూడదన్నారు. స్థాయీ కమిటీలను 26 నుంచి 9కి తగ్గించారు. ఆ తర్వాత అవి ఇంకా తగ్గి 7 అయ్యాయి. 2024 మేలో బ్యాంకాక్ కాంగ్రెస్ ఆ సంఖ్యను 7 నుంచి 35కు పెంచింది. 2016 నాటి వ్యాసం చదివి 'ఫిఫాలో కమిటీలు కుదించారు' అని ఇవాళ రాస్తే తప్పవుతుంది. అధికరణాల సంఖ్యలు కూడా ప్రతి ముద్రణలో జరుగుతుంటాయి. అందుకే ఉత్తరాల్లో అధికరణం సంఖ్యతో పాటు నియమావళి సంవత్సరం కూడా రాయడం మంచిది.

లెక్కలు: ఒక్క ఏడాది చూస్తే మోసపోతాం

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. ఫిఫా ఆర్థిక కాలం ఏడాది కాదు, నాలుగేళ్లు. పురుషుల ప్రపంచకప్ జరిగిన మరుసటి సంవత్సరం జనవరి 1న మొదలవుతుంది. ఆ నాలుగేళ్లలో రాబడి, ఖర్చు సరితూగేలా నడపాలని నియమావళే చెబుతుంది. పైగా లెక్కలు అంతర్జాతీయ అకౌంటింగ్ ప్రమాణాల ప్రకారం రాస్తారు. ప్రపంచకప్ టీవీ హక్కుల సొమ్ము ముందే చేతికొచ్చినా, టోర్నీ జరిగిన ఏడాదిలోనే దాన్ని ఆదాయంగా చూపిస్తారు. అప్పటిదాకా అది ఆస్తి అప్పుల పట్టీలో, ఇంకా చేయాల్సిన పనికి ముందే తీసుకున్న సొమ్ముగా, అప్పుల వైపు కూర్చుంటుంది.

2019–2022 కాలాన్ని చూడండి. ఆదాయం 2019లో 76.6 కోట్ల డాలర్లు, 2020లో 26.7 కోట్లు, 2021లో 76.6 కోట్లు, 2022లో ఒక్కసారిగా 576.9 కోట్లు. మొత్తం 756.8 కోట్ల డాలర్లు. ఇందులో 2020 అంకె పట్టుకుని 'ఫిఫా కుదేలైంది' అనీ, 2022 అంకె పట్టుకుని 'ఒక్క ఏడాదిలో ఏడు రెట్లు పెరిగింది' అనీ రాయొచ్చు. రెండూ తప్పే. పోలిక ఎప్పుడూ నాలుగేళ్ల మొత్తంతో నాలుగేళ్ల మొత్తానికే పెట్టాలి. 2015–2018లో 642.1 కోట్లు, 2019–2022లో 756.8 కోట్లు. 2023–2026కు మొదట 1,100 కోట్ల డాలర్ల బడ్జెట్ వేసి, క్లబ్ ప్రపంచకప్ పెద్దదయ్యాక 1,300 కోట్లకు సవరించారు.

వార్షిక నివేదిక తెరిస్తే ముందు ఫొటోలు, గొప్పలు చాలా పేజీలు ఉంటాయి. వాటిని దాటేసి ఆర్థిక నివేదికల భాగానికి వెళ్లండి. పట్టిక పైన యూనిట్ ఏముందో చూడండి. కొన్ని వేల డాలర్లలో ఉంటాయి, కొన్ని మిలియన్లలో. ఒక మిలియన్ అంటే పది లక్షలు, వంద మిలియన్లు అంటే పది కోట్లు, ఒక బిలియన్ అంటే వంద కోట్లు. ఈ మార్పిడిలో ఒక సున్నా జారితే వార్తంతా తప్పే. లెక్క డాలర్లలో ఉన్నా జీతాలు, కార్యాలయ ఖర్చుల్లో కొంత స్విస్ ఫ్రాంకుల్లో జరుగుతుంది. డాలర్ విలువ పడితే ఖర్చు పెరగకుండానే పెరిగినట్టు కనిపిస్తుంది.

తర్వాత ఈ వరసలో చదవండి. మొదట ఆదాయం ఎక్కణ్ణుంచి అన్నది. 2019–2022లో టీవీ హక్కుల మీద 342.6 కోట్లు, మార్కెటింగ్ హక్కుల మీద 179.5 కోట్లు వచ్చాయి. ఈ రెండే మూడింట రెండు వంతులు దాటాయి. అంటే స్పాన్సర్లకు, ప్రసారకర్తలకు రాసే ఉత్తరానికి బరువుంటుంది. హక్కుల పని చేసేవాళ్లు ఈ పట్టికను లెక్కల కోసం కాక, ఎవరి మాట చెల్లుతుందో తెలుసుకోవడానికి చదవాలి. ఆ తర్వాత నిల్వలు. 2022 చివరికి 397.1 కోట్ల డాలర్లు ఉన్నాయి. 'పరిహారం ఇవ్వడానికి డబ్బు లేదు' అనే వాదన వచ్చినప్పుడు ఈ అంకె పక్కన పెట్టి చూడాలి. అయితే నిల్వలన్నీ ఇవాళ బీరువాలో ఉన్న నగదు కాదు. వచ్చే టోర్నీ రద్దయితే తట్టుకోవడానికి ఉంచుకునే దన్ను కూడా అందులోనే ఉంటుంది. ఆ తేడా చెప్పకుండా వాదిస్తే ఎదుటివాళ్లు ఒక్క వాక్యంతో కొట్టిపారేస్తారు.

మూడోది, పై అధికారుల జీతభత్యాలు. అధ్యక్షుడు, సెక్రటరీ జనరల్, కౌన్సిల్ సభ్యులు, కమిటీ అధ్యక్షుల మొత్తాలు నివేదికలో విడిగా అచ్చవుతాయి. స్థిర వేతనం, బోనస్ రెండూ కలిపి చూడాలి. 2016 జూన్‌లో బయటపెట్టిన అంతర్గత విచారణ ప్రకారం, అంతకు ముందు అయిదేళ్లలో అప్పటి ముగ్గురు పై అధికారులు జీతాల పెంపు, బోనస్‌ల రూపంలో 7.9 కోట్ల స్విస్ ఫ్రాంకులు పైగా తమకు తామే రాసుకున్నారు. అందులో ఎక్కువ భాగం దాగింది స్థిర వేతనంలో కాదు, కాంట్రాక్టు పొడిగింపుల్లో, బోనస్ షరతుల్లో. ఈ భాగాన్ని ఎవరూ వదిలిపెట్టకూడదు.

చివరగా ఆడిటర్ నివేదిక, నోట్సు. 2016లో ఆడిట్ సంస్థ కేపీఎంజీ తప్పుకున్నాక పీడబ్ల్యూసీ అనే మరో సంస్థ వచ్చింది. ఆడిటర్‌ను నియమించేది కాంగ్రెస్సే. ఆడిటర్ ఇచ్చే భరోసా ఏమిటంటే, లెక్కలు ప్రమాణాలకు తగ్గట్టు ఉన్నాయని. ఖర్చు న్యాయంగా జరిగిందని కాదు. నోట్సులో కోర్టు కేసులు, సంబంధీకులతో లావాదేవీలు, టోర్నీ కోసం ఆతిథ్య దేశంలో పెట్టిన అనుబంధ కంపెనీలు కనిపిస్తాయి. అనుబంధ కంపెనీలను కూడా కలిపిన ఏకీకృత లెక్కలు వేరు, ఫిఫా ఒక్కదాని లెక్కలు వేరు. ఒకదాని ఖర్చును ఇంకొకదాని ఆదాయంతో కలిపి చూపకండి.

ఓటుకూ డబ్బుకూ ముడి పడే చోటు

ఫార్వర్డ్ అనే అభివృద్ధి పథకాన్ని అర్థం చేసుకోకుండా సభల్ని అర్థం చేసుకోలేం. 2016లో మొదలైంది. మూడో దశ 2023–2026లో ప్రతి సభ్య సంఘానికీ నాలుగేళ్లకు గరిష్ఠంగా 80 లక్షల డాలర్లు. ఇందులో 50 లక్షల దాకా నిర్వహణ ఖర్చులకు, 30 లక్షల దాకా మైదానాలు, శిక్షణ కేంద్రాల వంటి ప్రాజెక్టులకు. సొంత ఆదాయం తక్కువగా ఉన్న సంఘాలకు ప్రయాణాలకు, సామగ్రికి మరికొంత అదనం. ఆరు ఖండ సమాఖ్యలకు ఒక్కోదానికి 6 కోట్ల డాలర్లు.

ఇది మంచి పథకమే. చిన్న దీవుల సంఘాలకు ఇది లేకపోతే ఆఫీసు తలుపు తెరుచుకోదు, ఆడపిల్లల లీగు నడవదు. కానీ వాటా అందరికీ దాదాపు సమానం, ఓటు అందరికీ సమానం. కోట్ల ఆదాయం ఉన్న సంఘానికి 80 లక్షలు చిన్న మొత్తం. ఏటా కొన్ని లక్షల డాలర్లతో బతికే సంఘానికి అదే ప్రాణాధారం. ఆ వాటా పెంచుతామనే హామీ ప్రతి అధ్యక్ష ఎన్నికలోనూ వినిపించేది ఇందుకే. ఇందులో లంచం అనేది ఉండనక్కర్లేదు. సభలో గట్టిగా మాట్లాడే సంఘాలు ఎందుకు తక్కువో తెలుసుకోవడానికి ఈ పట్టిక చాలు.

మీ సంఘం ఫార్వర్డ్ డబ్బు ఎలా వాడిందో చూడాలంటే 'గరిష్ఠంగా' అనే మాట దగ్గర ఆగండి. అర్హత వేరు, మంజూరు వేరు, విడుదల వేరు. పేపర్లో వచ్చేది అర్హత. అడగాల్సింది విడుదల. ఈ సొమ్ముకు సంఘం విడిగా బ్యాంకు ఖాతా నడపాలి, ఫిఫాతో లక్ష్యాల ఒప్పందం రాసుకోవాలి, ఏటా ఆడిట్ చేయించాలి. అందుకే ప్రశ్న ఇలా ఉండాలి: ఒప్పందంలో రాసిన లక్ష్యాలు ఏవి, ఈ ఏడాది ఆ ఖాతాలోకి ఎంత వచ్చింది, ఆడిటర్ ఏమన్నారు? 'ఫిఫా డబ్బు ఏమైంది?' అని అడిగితే జవాబు రాదు, వచ్చినా దానితో ఏమీ తేలదు.

సభ: తేదీలు వెనక నుంచి లెక్కపెట్టండి

సాధారణ కాంగ్రెస్ ఏటా జరుగుతుంది. సభ్య సంఘం ఏదైనా ప్రతిపాదన పెట్టాలంటే కనీసం రెండు నెలల ముందు, చిన్న వివరణతో సహా, రాతపూర్వకంగా సచివాలయానికి పంపాలి. అజెండా, అధ్యక్షుడి నివేదిక, లెక్కలు, ఆడిటర్ నివేదికతో కూడిన అధికారిక పిలుపు కనీసం ఒక నెల ముందు వస్తుంది. ఈ రెండు గడువుల వరస గమనించండి. అజెండా చూశాక ప్రతిపాదన పెడదామంటే గడువు అప్పటికే దాటిపోయి ఉంటుంది. సభ మే 15న అయితే ప్రతిపాదనకు గడువు మార్చి 15, పిలుపు ఏప్రిల్ 15కి వస్తుంది. సంఘం లోపల కార్యవర్గం కూర్చుని తీర్మానం చేయడానికి నెల పట్టొచ్చు. అంటే హక్కుల సంఘం తన జాతీయ ఫుట్‌బాల్ సంఘం తలుపు తట్టాల్సింది జనవరిలోనే. ఏప్రిల్ చివర్లో పత్రికా ప్రకటన ఇచ్చి సభలో చర్చ రాలేదని బాధపడటం చాలాసార్లు జరిగే పొరపాటు.

సభ రోజున అజెండా మార్చాలంటే హాజరైన ఓటర్లలో నాలుగింట మూడు వంతుల మంది ఒప్పుకోవాలి. నియమావళి సవరణకూ నాలుగింట మూడు వంతుల మద్దతు కావాలి. సభ్య సంఘాలు ప్రత్యేక కాంగ్రెస్ పెట్టించాలంటే వాటిలో అయిదో వంతు రాసి అడగాలి. 211లో అయిదో వంతు 42.2 కాబట్టి 43 సంతకాలు. ఇది స్విస్ సంఘాల చట్టంలో ఉన్న హక్కే. అధ్యక్ష పదవికి నిలబడాలంటే కనీసం అయిదు సంఘాల మద్దతు కావాలి. ఇద్దరికి మించి పోటీలో ఉంటే మొదటి విడతలో మూడింట రెండు వంతులు రావాలి. 2016లో జానీ ఇన్ఫాంటినో మొదటి విడతలో 88 ఓట్లతో ఆగి, రెండో విడతలో 115 ఓట్లతో గెలిచారు. 2019లో పారిస్‌లో, 2023లో కిగాలీలో పోటీయే లేదు. చప్పట్లతో ఆమోదం.

ఈ చప్పట్ల ఆమోదం దగ్గర కాస్త ఆగాలి. ఓటు యంత్రం వాడితే ఎవరు ఎటు వేశారో రికార్డు ఉంటుంది. 2018 జూన్ 13న మాస్కోలో 2026 ప్రపంచకప్ ఆతిథ్యానికి అమెరికా, కెనడా, మెక్సికోల ఉమ్మడి బిడ్‌కు 134, మొరాకోకు 65 ఓట్లు వచ్చాయి. ఏ దేశం ఎటు వేసిందో జాబితా బయటికి వచ్చింది. 2024 మేలో 2027 మహిళల ప్రపంచకప్ విషయంలో బ్రెజిల్‌కు 119, బెల్జియం, నెదర్లాండ్స్, జర్మనీల ఉమ్మడి బిడ్‌కు 78. చప్పట్లతో ఆమోదించినప్పుడు ఇలాంటి జాబితా ఉండదు. కాదన్న సంఘం ఆ మాట మినిట్స్‌లో నమోదు చేయమని ముందే ఉత్తరం రాస్తేనే కాగితం మీద మిగులుతుంది. 2024 డిసెంబర్ 11న ఆన్‌లైన్‌లో జరిగిన ప్రత్యేక కాంగ్రెస్ 2030, 2034 ఆతిథ్యాలను చప్పట్లతో ఖాయం చేసినప్పుడు నార్వే సంఘం ఆ పద్ధతి మీదే అభ్యంతరం నమోదు చేయించింది.

అసలు నిర్ణయం కాంగ్రెస్‌లో జరిగిందా అన్నది ఇంకో ప్రశ్న. 2034 సంగతే చూడండి. 2023 అక్టోబర్ 4న కౌన్సిల్ కూర్చుని, 2030 టోర్నీ మూడు ఖండాలకు పోయేలా, 2034కు ఆసియా, ఓషియానియా సంఘాలు మాత్రమే బిడ్ వేసేలా తేల్చింది. ఆసక్తి తెలపడానికి గడువు అదే నెల 31. ఆ రోజున ఆస్ట్రేలియా తప్పుకుంది. సౌదీ అరేబియా ఒక్కటే మిగిలింది. కాంగ్రెస్ చప్పట్లు కొట్టింది ఏడాది తర్వాత. కాబట్టి ఏ సభ వార్త చదివినా వెనక్కి వెళ్లి ఈ విషయం మీద కౌన్సిల్ ప్రకటన ఎప్పుడు వచ్చిందో వెతకండి. తేదీ పక్కన తేదీ పెడితే చాలాసార్లు జవాబు అక్కడే దొరుకుతుంది.

కౌన్సిల్‌కు కూడా ముందు బ్యూరో ఉంటుంది. అధ్యక్షుడు, ఆరు సమాఖ్యల అధ్యక్షులు, వెరసి ఏడుగురు. అత్యవసర విషయాలు వీళ్లు తేలుస్తారు. 2022 ఆగస్టులో భారత ఫుట్‌బాల్ సమాఖ్యను బయటివాళ్ల జోక్యం కారణంగా సస్పెండ్ చేసింది, అదే నెలలో ఎత్తేసింది బ్యూరోనే. 2022 ఫిబ్రవరి 28న రష్యా జట్లను పోటీల నుంచి ఆపిందీ బ్యూరోనే. ఈ రెండూ ఒకటి కావు. భారత సంఘం సభ్యత్వ హక్కులు ఆగాయి. రష్యా విషయంలో ఆగినవి జట్లు, సంఘం సభ్యత్వం ఆగలేదు. 'ఫిఫా నుంచి వెలి' అని రెండింటికీ ఒకే శీర్షిక పెట్టడం తప్పు.

హక్కుల మాట ఏ కాగితంలో, ఏ పేజీలో

నియమావళి 3వ అధికరణం ప్రకారం అంతర్జాతీయంగా గుర్తించిన మానవ హక్కులన్నిటినీ గౌరవించడానికి ఫిఫా కట్టుబడి ఉంది. ఇది 2016లో చేరింది. 2017 మేలో మానవ హక్కుల విధానం వచ్చింది. దీనికి పునాది 2011 నాటి ఐక్యరాజ్యసమితి మార్గదర్శక సూత్రాలు. అందులో ఒక కీలకమైన మెట్ల వరస ఉంది. సంస్థ తానే హాని చేసిందా, హానికి తోడ్పడిందా, లేక తన వ్యాపార సంబంధాల ద్వారా హానితో నేరుగా ముడిపడి ఉందా? మొదటి రెండింటిలో పరిహారం చూపే బాధ్యత సంస్థదే. మూడోదానిలో పలుకుబడి వాడి ఆపించే బాధ్యత ఉంటుంది. ఫిర్యాదు ఈ మూడింటిలో ఏ మెట్టు మీద నిలబడుతుందో మొదటి పేజీలోనే చెప్పాలి. చెప్పకపోతే అవతలివాళ్లు దాన్ని కింది మెట్టుకు దించేస్తారు.

ఖతార్ పాఠం ఇక్కడే ఉంది. 2022 ప్రపంచకప్‌ను ఆ దేశానికి 2010 డిసెంబర్ 2న కట్టబెట్టారు. అప్పటి బిడ్ షరతుల్లో కూలీల హక్కుల మాట లేదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ దోహాలో ఆఫీసు తెరిచింది 2018లో. యజమాని అనుమతి లేకుండా పని మారే వీలు, కనీస వేతనం చట్టంలోకి వచ్చింది 2020లో. అప్పటికి స్టేడియాల పని చాలావరకు అయిపోయింది. ఆ తర్వాత నార్వే సంఘం 2023 కిగాలీ కాంగ్రెస్‌కు గడువులోగా ప్రతిపాదన పెట్టింది. దాని ఫలితంగా ఫిఫా సొంత ఉపకమిటీ నష్టపరిహారం బాధ్యతపై స్వతంత్ర నివేదిక రాయించింది. ఖతార్ ప్రపంచకప్ పేరిట పెట్టిన వారసత్వ నిధిని కూలీల పరిహారానికి వాడాలని ఆ నివేదిక సూచించింది. అది 2024 నవంబర్ చివర్లో బయటికి రావడానికి కొద్ది రోజుల ముందే ఫిఫా ఆ 5 కోట్ల డాలర్ల నిధిని వేరే సామాజిక కార్యక్రమాలకు ప్రకటించింది. కూలీల కుటుంబాలకు ఇది నిజమైన నష్టం. అయినా ఒక్క సంఘం, ఒక్క ప్రతిపాదన అంత దూరం తీసుకెళ్లగలిగిందన్న సంగతి ఈ పని చేసేవాళ్లు గుర్తుపెట్టుకోవాలి.

2026 బిడ్ల నుంచి ఆతిథ్యం కోరేవాళ్లు హక్కుల వ్యూహం సమర్పించాలి. దేశ పరిస్థితిపై బయటి సంస్థతో నివేదిక రాయించాలి. ఫిఫా వాటిని మదింపు చేసి ప్రచురిస్తుంది. చదివేటప్పుడు ఒక్కటి చూడండి. మార్కులు వచ్చేది స్టేడియాలు, వసతులు, వాణిజ్యం వంటి సాంకేతిక అంశాల మీద. హక్కులకు మార్కు ఉండదు, 'తక్కువ, మధ్యస్థం, ఎక్కువ' అనే ముప్పు స్థాయి మాత్రమే ఉంటుంది. సౌదీ బిడ్‌కు 500కు 419.8 మార్కులు వచ్చాయి. హక్కుల ముప్పు 'మధ్యస్థం' అన్నారు. ఆ మార్కుల్లో ఈ మధ్యస్థం కలవలేదు. కాబట్టి పెద్ద మార్కు చూపి హక్కులు బాగున్నాయనే వాదన ఎవరు చేసినా ఈ పట్టిక చూపండి. ఆ తర్వాత బయటి సంస్థ నివేదిక తెరిచి, పరిశీలన పరిధి అనే భాగం చదవండి. ఏ హక్కులను పరిశీలించారు, ఏవి పక్కన పెట్టారు, ఎవరితో మాట్లాడారు అన్నది అక్కడే రాసి ఉంటుంది. పరిధిలో లేని హక్కు గురించి నివేదిక మౌనంగా ఉంటే దాన్ని మంచి సర్టిఫికెట్‌గా తీసుకోకూడదు.

ఫిర్యాదు రాసే తీరు

ఫిఫాకు గోప్యంగా ఫిర్యాదు చేసే పోర్టల్ ఉంది. పేరు చెప్పకుండా రాయొచ్చు. రాశాక ఒక కేసు నంబరు వస్తుంది, పోస్ట్‌బాక్స్ తెరుచుకోవచ్చు. అవతలివాళ్ల ప్రశ్నలు ఆ పోస్ట్‌బాక్స్‌లోకే వస్తాయి. నంబరు, పాస్‌వర్డ్ పోగొట్టుకుంటే పేరు చెప్పని ఫిర్యాదు అక్కడితో ఆగిపోతుంది. ఫోన్లో కాక కాగితం మీద రాసి వేరేచోట దాచండి. కంపెనీ ఇచ్చిన ఫోన్ నుంచి గానీ, క్యాంపు వైఫై నుంచి గానీ పంపకండి.

రాసే పద్ధతికి ఒక ఊహాత్మక ఉదాహరణ. ఇలా రాస్తే పనికిరాదు: 'స్టేడియం పనుల్లో కూలీలను దోచుకుంటున్నారు, ఫిఫా వెంటనే చర్య తీసుకోవాలి.'

ఇలా రాస్తే పని జరుగుతుంది: 'ఫలానా స్టేడియం తూర్పు స్టాండులో ఫలానా సబ్‌కాంట్రాక్టర్ కింద రాడ్ బెండింగ్ చేసే 14 మందికి మార్చి 1 నుంచి మే 31 వరకు జీతం అందలేదు. 9 మంది పాస్‌పోర్టులు క్యాంపు సూపర్‌వైజర్ దగ్గర ఉన్నాయి. ఆధారాలు: మూడు నెలల హాజరు పట్టీల ఫొటోలు, ఫిబ్రవరి దాకా జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంట్లు, టోర్నీ నిర్వాహకుల లోగో ఉన్న గేట్ పాసులు. కోరుతున్నది: బకాయిల చెల్లింపు, పాస్‌పోర్టుల అప్పగింత, ఫిర్యాదు చేసినవారిపై కక్ష సాధింపు జరగకుండా రాతపూర్వక హామీ.'

రెండోదాన్ని నిలబెట్టేది గేట్ పాసు. బకాయి ఉందని హాజరు పట్టీ, బ్యాంకు కాగితం రుజువు చేస్తాయి. అది ఫిఫా టోర్నీ పనే అని రుజువు చేసేది గేట్ పాసు మీది లోగో. చాలా ఫిర్యాదులు ఈ రెండో రుజువు లేకే 'మా పరిధిలోకి రాదు' అనే జవాబుతో తిరిగొస్తాయి. సైటు బోర్డు ఫొటో, కాంట్రాక్టు మీది ప్రాజెక్టు పేరు, బస్సు మీది స్టిక్కరు, ఏదైనా సరే ఒక్కటి జత చేయండి. ఫొటోల అసలు ఫైళ్లు మీ దగ్గర భద్రంగా ఉంచుకుని, పంపే ప్రతుల్లో ముఖాలు, స్థలం వివరాలు తీసేయండి. ఎవరి పేరు రాయాలన్నా వాళ్ల అనుమతి రాసి తీసుకోండి. జీతం ఆగినవాళ్లు ఉద్యోగం పోతుందన్న భయంలో ఉంటారు. పేరు ఇవ్వమని వాళ్లను తొందరపెట్టకూడదు.

నైతిక నియమాల కమిటీ దారి వేరు. అక్కడ విచారణ విభాగం, తీర్పు విభాగం అని రెండు ఉంటాయి. వ్యక్తులు, అంటే అధికారులు, కోచ్‌లు చేసిన లంచం, వేధింపు వంటివాటికి అది తగిన చోటు. ఫిర్యాదు చేసినంత మాత్రాన విచారణ తెరవాలన్న హక్కు ఫిర్యాదుదారుకు లేదు. లైంగిక వేధింపు విషయంలో అక్కడి జవాబు కోసం స్థానిక పోలీసు ఫిర్యాదును ఆపకండి. ఫిఫా చేయగలిగింది ఆట నుంచి నిషేధించడం, జరిమానా వేయడం వరకే. ఆ నిర్ణయాల మీద అప్పీలు లొసాన్‌లోని క్రీడా మధ్యవర్తిత్వ కోర్టుకు పోతుంది. గడువు నిర్ణయం అందిన 21 రోజులు. ఆ కేసులో పక్షం కానివాళ్లు అక్కడికి పోలేరు.

ప్రాణం మీదికి వచ్చినప్పుడు పోర్టల్ సరిపోదు. బహ్రెయిన్ నుంచి పారిపోయి ఆస్ట్రేలియాలో శరణు పొందిన ఆటగాడు హకీం అల్ అరైబీని 2018 నవంబర్‌లో బ్యాంకాక్‌లో పట్టుకున్నప్పుడు, ఆటగాళ్ల యూనియన్, ప్రభుత్వం, మాజీ ఆటగాళ్లు, ఫిఫా అన్నీ ఒకేసారి కదిలాయి. 2019 ఫిబ్రవరిలో విడుదలయ్యాడు. అలాంటప్పుడు యూనియన్‌కు, రాయబార కార్యాలయానికి, ఫిఫాకు ఒకే రోజున ఒకే వివరాలతో రాయండి.

ఫిఫా జవాబు ఇవ్వకపోతే స్విట్జర్లాండ్ జాతీయ సంప్రదింపు కేంద్రం ఉంది. బహుళజాతి సంస్థల నడవడికపై, దేశాల ఆర్థిక సహకార సంస్థ అయిన ఓఈసీడీ ఇచ్చిన మార్గదర్శకాల కింద పనిచేసే ప్రభుత్వ వేదిక ఇది. ఫిఫా లాభాపేక్ష లేని సంఘమైనా, దాని వాణిజ్య పనుల మేరకు ఈ మార్గదర్శకాలు వర్తిస్తాయని ఆ కేంద్రం ఒప్పుకుంది. భవన కార్మికుల అంతర్జాతీయ యూనియన్ బీడబ్ల్యూఐ 2015 మేలో ఖతార్ కూలీల తరఫున ఇక్కడికే వెళ్లింది. మధ్యవర్తిత్వం జరిగి 2017లో ముగిసింది. ఇది కోర్టు కాదు, జరిమానా వేయదు. కానీ ఫిఫాను బల్ల ముందు కూర్చోబెడుతుంది, తుది ప్రకటన ప్రచురిస్తుంది. కోర్టు దారి ఇంతకంటే కష్టం. ఒక బంగ్లాదేశ్ కూలీ, డచ్ యూనియన్ కలిసి వేసిన కేసును జ్యూరిక్ వాణిజ్య కోర్టు 2017 జనవరిలో విచారణకే తీసుకోలేదు.

ఇక స్విస్ సివిల్ కోడ్ 75వ అధికరణం. చట్టానికో నియమావళికో విరుద్ధమైన తీర్మానాన్ని, దానికి ఒప్పుకోని సభ్యుడు తెలిసిన నెల లోపు కోర్టులో సవాలు చేయొచ్చు. సభ్యుడంటే ఇక్కడ సభ్య సంఘమే. కూలీ కాదు, యూనియన్ కాదు, అభిమాని కాదు. చప్పట్లు కొట్టిన సంఘం ఒప్పుకోలేదని తర్వాత చెప్పుకోవడం కష్టం. అందుకే జనవరిలో మీ సంఘానికి రాసే ఉత్తరంలో ప్రతిపాదనతో పాటు రెండో కోరిక కూడా చేర్చండి. ప్రతిపాదన అజెండాలోకి రాకపోతే, లేదా చప్పట్లతో ఆమోదం అడిగితే, మా సంఘం ఒప్పుకోలేదని మినిట్స్‌లో రాయించాలి అని. మినిట్స్ వచ్చాక ఆ వాక్యం ఉందో లేదో చూసి, లేకపోతే సవరణ కోరుతూ సంఘం చేత వెంటనే సచివాలయానికి రాయించాలి.